ఆరాధనలో వడ్డించేవాడు ఎవరు?

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ కార్యక్రమానికి వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న మాటిమాటికి కనబడుతున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అడుగుతారు. "అయ్యగారూ, మా మందిరంలో డ్రమ్ములు పెట్టారు. ఇది వాక్యానుసారమేనా?" అని ఒకరు. "కీర్తనల పుస్తకం మూసేసి గోడమీద తెర వేసి పాటలు చూపిస్తున్నారు, మా అమ్మకు చూపు ఆనదు" అని మరొకరు. ఒక యౌవనస్థుడైతే దీనికి ఎదురుగా వ్రాశాడు. "మా పెద్దలు పాత ఆరాధన క్రమమే పరలోకం నుండి దిగివచ్చినట్టు మాట్లాడుతున్నారు. అర్థం కాని మాటలతో మేము ఎన్నాళ్లు ఆరాధించాలి?" అని అతని బాధ.

నేను లూథరన్ సంఘ కాపరిని. మాది పాతకాలపు సంఘమని, మార్పును ఒక పట్టాన ఒప్పుకోని సంఘమని చాలామంది అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కనుక ఈ రోజు నేను డ్రమ్ములకు వ్యతిరేకంగా, తెరలకు వ్యతిరేకంగా ప్రసంగిస్తానని మీరు అనుకొంటూ ఉండవచ్చు. డ్రమ్ము పాపము కాదు, ప్రియులారా. తెర పాపము కాదు. అయితే వాటికి చోటు చేయడానికి మనము దేనిని తీసి పక్కన పెడుతున్నామో, ఆ సంగతి మాత్రం మీతో మాట్లాడాలని ఉంది.

లూకా సువార్త 22వ అధ్యాయము 24 మొదలు 27 వరకు మీ బైబిలులో తరువాత చదువుకొనండి. పస్కా భోజనపు బల్లయొద్ద శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని వాదులాడుకొంటున్నారు. అప్పుడు ప్రభువు వారిని ఒక ప్రశ్న అడుగుతాడు. భోజనానికి కూర్చున్నవాడు గొప్పవాడా, వడ్డించేవాడు గొప్పవాడా? లోకమంతా కూర్చున్నవాడే గొప్పవాడంటుంది. అయితే తాను వారి మధ్య వడ్డించేవానిగా ఉన్నానని ప్రభువు చెబుతాడు. ఆ మాట ఎప్పుడు చెప్పాడో గమనించండి. రొట్టె విరిచి ఇచ్చిన రాత్రే, గిన్నె అందించిన రాత్రే, ఆ బల్లయొద్దనే చెప్పాడు.

ఆదివారము గురించి లూథరన్ సంఘం చెప్పే మాటంతా ఇక్కడే ఉన్నది. ఆరాధన అనగానే మనకు తోచేది మనము దేవునికి చేసేది. మన పాట, మన స్తుతి, మన కానుక, మన చప్పట్లు. అవి ఉండవలసినవే, ఎవరు కాదంటారు? గాని మొదట మందిరంలో పని చేసేది దేవుడు. ఆయన మాట్లాడతాడు, ఆయన క్షమిస్తాడు, ఆయన కడుగుతాడు, ఆయన వడ్డిస్తాడు. ఆకలితో వచ్చినవారమై మనము తింటాము. తిన్న తరువాత నోటివెంట వచ్చే కృతజ్ఞతే మన స్తుతి. విందుకు పిలిచి, విస్తరి వేయకుండా, పాటలు పాడించి పంపివేసిన ఇంటిని మీరు ఏమంటారు? పాటలు బాగున్నాయనే అంటారేమో. ఆకలి మాత్రం తీరదు.

ఇప్పుడు మిమ్మల్ని అయిదు వందల సంవత్సరాల వెనుకకు, జర్మనీ దేశంలోని విట్టెన్‌బర్గ్ పట్టణానికి తీసుకొని వెళ్తాను. మార్పును గురించి సంఘంలో రేగే తగవులన్నిటికి ఆ పట్టణంలో జరిగినది ఒక అద్దమువంటిది.

1521లో వర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట నిలువబడి వచ్చిన తరువాత మార్టిన్ లూథరుగారిని స్నేహితులు వార్ట్‌బర్గ్ కోటలో దాచిపెట్టారు. ఆయన మారుపేరుతో, గడ్డం పెంచుకొని, అక్కడ క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేస్తున్నాడు. ఆయన లేని ఆ నెలలలో విట్టెన్‌బర్గ్‌లో పనులు చాలా వేగంగా జరిగిపోయాయి. కార్ల్‌స్టాట్ అనే పండితుడు, లూథరుగారి తోటి అధ్యాపకుడే, 1521 క్రిస్మస్ దినాన గురువు అంగీలు వేసుకోకుండా మామూలు బట్టలతో ప్రభురాత్రి భోజనం ఇచ్చాడు. ప్రభువు పలికిన మాటలను లాటినులో గాక జర్మనులో బిగ్గరగా పలికాడు. రొట్టెను విశ్వాసుల చేతికే ఇచ్చాడు. అంతకుముందు సామాన్య విశ్వాసికి ఇవ్వని గిన్నెను కూడా ఇచ్చాడు. తరువాతి వారాలలో పట్టణ సభ మందిరాలలోని విగ్రహాలను తీసివేయాలని నియమం చేసింది. కొంతమంది దానికోసం కూడా ఆగలేదు. గుంపుగా మందిరంలో జొరబడి పగులగొట్టారు.

ఒక్కసారి ఆలోచించండి. ఈ మార్పులలో తప్పు ఏమున్నది? గిన్నె అందరికీ ఇవ్వాలన్నది లూథరుగారు స్వయంగా బోధించినదే. జనులకు తెలిసిన భాషలో వాక్యం వినబడాలన్నది ఆయన జీవితకాలపు పోరాటమే. మరి ఆయన సంతోషించి ఉండాలి గదా? కోటలోనుండి ఒక అభినందన లేఖ వ్రాసి ఊరుకోవచ్చు గదా?

ఆయన అలా చేయలేదు. రావద్దని తన ప్రభువైన ఫ్రెడరిక్ చెప్పినా వినకుండా, ప్రాణానికి తెగించి 1522 మార్చి నెలలో పట్టణానికి తిరిగివచ్చాడు. మార్చి 9, ఆదివారము మొదలు వరుసగా ఎనిమిది దినములు ఎనిమిది ప్రసంగాలు చేశాడు. సన్యాసి వస్త్రంతోనే ప్రసంగపీఠం ఎక్కాడు. అందరు ఆ బట్టలు పారవేస్తున్న రోజులలో ఆయన వేసుకొని వచ్చాడు!

ఏమి చెప్పాడు? మీరు చేసిన పనులు చాలావరకు సరియైనవే, గాని ప్రేమ లేకుండా చేశారు అన్నాడు. తల్లి పసిబిడ్డకు మొదట పాలే ఇస్తుంది, ఆ తరువాత మెత్తని ఆహారం, ఆ తరువాతే గట్టి ఆహారం. మీరు గట్టి ఆహారం తినగలవారైనంత మాత్రాన పాలు త్రాగే మీ సహోదరుని నోట్లో దానిని కుక్కవచ్చునా అని ఆయన వాదన. దేవుడు ఆజ్ఞాపించినవి వేరు, దేవుడు స్వేచ్ఛకు విడిచిపెట్టినవి వేరు. విడిచిపెట్టినదానిని "తప్పక చేయవలసిందే" అని పట్టుపడితే అది కూడ ఒక క్రొత్త ధర్మశాస్త్రమే, ఒక క్రొత్త పోపుగిరియే. ఆ రోజులలో ఎంతమంది దేవుని భయముగల ముసలివారు రొట్టెను తమ చేతితో తాకడానికే వణికిపోయి ఉంటారో ఊహించండి. వారికి ఎవరూ నేర్పలేదు. బలవంతంగా చేతిలో పెట్టారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో తన జ్ఞానంతో బలహీనుడైన సహోదరుని పాడుచేసేవాని గురించి చెప్పినది అక్షరాలా అక్కడ జరిగింది.

అందుచేత లూథరుగారు ఏమి చేశాడో వినండి. సరియైన మార్పులనే కొన్నిటిని ఆపించాడు. గురువు అంగీలు తిరిగివచ్చాయి, లాటిను భాష తిరిగివచ్చింది. గిన్నె కోరినవారికి ఇచ్చారు, మిగతావారిని బలవంతపెట్టలేదు. వాక్యం ప్రకటిస్తూ, నేర్పిస్తూ ఓపికపట్టారు. పూర్తి జర్మను భాషలో ఆరాధన క్రమం అచ్చయినది 1526లో! ఎక్కడ 1522, ఎక్కడ 1526? నాలుగు సంవత్సరాలు. ఈ మధ్య కొన్ని సంఘాలలో నాలుగు వారాలు కూడ ఆగడం లేదు.

లూథరన్ సంఘపు పాతదనాన్ని నేను ఇక్కడినుండే అర్థం చేసుకొంటాను. పాతదని దానిని పట్టుకోలేదు. బలహీనునికి దెబ్బ తగలకూడదని నెమ్మదిగా నడిచారు. ఒకడు వెనుకబడితే వానికోసం ఆగి నడిచే గుంపువంటిది సంఘము.

అయితే ఈ కథలో చాలామంది జ్ఞాపకముంచుకోని ఒక సంగతి ఉన్నది. ఆ ఎనిమిది ప్రసంగాలలో చివరిది, మార్చి 16న చేసినది, పాపపు ఒప్పుకోలును గురించి. గురువు దగ్గర ఒంటరిగా ఒప్పుకొనడాన్ని కొత్త సంస్కర్తలు చులకన చేశారు. లూథరుగారు దానిని ఎవరిమీదా చట్టంగా పెట్టడానికి ఒప్పుకోలేదు. అదే సమయంలో, తన దగ్గరనుండి మాత్రం దానిని ఎవరు తీసుకొంటానన్నా ఇవ్వనని, లోకంలోని ధనమంతా ఇచ్చినా వదులుకోనని చెప్పాడు. ఎందుకంటే అపవాది మీద పడిన రాత్రులలో, నీ పాపము క్షమింపబడినది అని మరొక మనిషి నోట దేవుని మాట వినడం తనను ఎలా నిలబెట్టిందో ఆయనకు తెలుసు. అంగీల విషయంలో, భాష విషయంలో అంత మెత్తగా ఉన్న మనిషి ఇక్కడ ఎంత గట్టిగా ఉన్నాడో చూడండి.

ఇప్పుడు మన కాలానికి వస్తాను. నేను చెప్పబోయేది ఒక వ్యక్తిని అడిగి, ఆయన అనుమతితో, ఆయన ఊరూ పేరూ లేకుండా చెబుతున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక సోమవారం రాత్రి వేరే ఊరి సంఘానికి చెందిన ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నిన్న సంస్కారపు ఆదివారం అండి. ఏడాదిన్నర తరువాత గుడికి వెళ్లాను" అన్నాడు.

"మంచిదే గదా" అన్నాను.

"ఒప్పుకోలు చదివిస్తారు గదండి. దానికోసం వెళ్లాను. నిన్న చదివించలేదు."

ఆ రోజు ఆ సంఘానికి బయటినుండి ప్రసంగీకుడు వచ్చాడట, వాయిద్యాల బృందం వచ్చిందట. పాటలు నలభై నిమిషాలు దాటాయి. సమయం చాలక ఒప్పుకోలు, క్షమాపణ వాక్యము, విశ్వాస ప్రమాణము మూడూ వదిలివేసి నేరుగా ప్రసంగానికి వెళ్లారు. ప్రసంగమేమో రాబోయే రెట్టింపు దీవెనల గురించి. "అందరిని చేతులు పైకెత్తమన్నారండి. నాకు చేతులు లేవలేదు" అన్నాడు ఆ మనిషి. భోజనం కూడా తీసుకోకుండా మధ్యలో లేచి వచ్చేశాడు.

ఆయన నా దగ్గర ఏమి ఒప్పుకొన్నాడో నేను చెప్పను. అది ఏ కాపరీ చెప్పకూడదు, సమాధి దాకా తనతోనే తీసుకొని పోవాలి. లోపలినుండి ఆరాధన క్రమపు పుస్తకం తెచ్చాను. ఆయన ఏడాదిన్నరగా చదవాలనుకొన్న ఆ నాలుగు వాక్యాలే మా వరండాలో చదివాడు. ఒకచోట ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన తలమీద చేయి ఉంచి, మన ప్రభువు ఆజ్ఞను బట్టి, ఆయన నామమున, పాపక్షమాపణ ప్రకటించాను. అప్పుడాయన తలెత్తి, "ఇది నాకేనా అండి?" అని అడిగాడు.

"మీకే" అన్నాను.

ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన సరిదిద్దుకోవలసిన సంగతులు ఇంకా ఉన్నాయి, కొన్ని సరిదిద్దుకొన్నాడు, కొన్ని ఆయన చేతిలో లేవు.

ప్రియులారా, ఆ ఆదివారం ఆ మందిరంలో ఎవరూ చెడ్డ ఉద్దేశంతో లేరు. పాడినవారు ప్రభువును ప్రేమించినవారే. గాని వడ్డించవలసిన విస్తరి ఒకటి ఎత్తివేశారు. ఎవరి ఆకలి ఎలాంటిదో వారికి తెలియదు. మనకూ తెలియదు. ఆరాధన క్రమం ఎందుకు ఉన్నదంటే ఇందుకే. ఈ వారం ఎవడు విరిగిన హృదయంతో వస్తాడో కాపరికి తెలియదు గనుక, ప్రతివారం ఆ బల్లమీద ఆ భోజనం సిద్ధంగా ఉంచుతారు. కాపరికి ఉత్సాహం ఉన్న రోజున వడ్డించి, లేని రోజున ఎత్తివేసేది కాదు అది. పాడగల స్థితిలో ఉన్నవారికి మాత్రమే సరిపడే ఆరాధన అసలు పాపులకు పనికివస్తుందా?

1530లో జర్మను ప్రభువులు చక్రవర్తి ముందు చదివిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో ఈ సంగతి స్పష్టంగా ఉన్నది. ముందు పరీక్షించి, క్షమాపణ వాక్యం చెప్పకుండా ప్రభువు శరీరాన్ని ఇవ్వడం తమ సంఘాలలో వాడుక కాదని అందులో 25వ అంశం చెబుతుంది. అదే ప్రమాణంలోని 7వ అంశం మరొకటి చెబుతుంది. సంఘ ఐక్యతకు సువార్త శుద్ధంగా ప్రకటింపబడడం, సంస్కారములు ప్రభువు నియమించినట్లు ఇవ్వబడడం చాలును. మనుష్యులు ఏర్పరచిన ఆచారాలు అన్నిచోట్ల ఒకే విధంగా ఉండనక్కరలేదు. ఈ రెండిటిని కలిపి చదవండి. మీ ఊరిలో హార్మోనియం, ప్రక్క ఊరిలో కీబోర్డు, ఆ పై ఊరిలో ఏదీ లేక ఒట్టి గొంతు. సంతోషమే. గాని వాక్యము, ఒప్పుకోలు, క్షమాపణ, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము మన అభిరుచికి వదిలినవి కావు. వాటిలో వడ్డించేది ప్రభువు గనుక వాటిని తీసివేసే అధికారం మనకు లేదు.

స్వేచ్ఛకు విడిచిన సంగతులైనా ఎల్లవేళలా తేలికైనవి అనుకోకండి. చరిత్రలో మరొక ఉదాహరణ చెప్పి త్వరగా ముగిస్తాను. 1548లో చక్రవర్తి యుద్ధంలో గెలిచి, లూథరన్ ప్రాంతాలమీద పాత ఆచారాలను రుద్దాడు. మెలాంక్తన్ వంటి గొప్ప పండితుడు కూడా, ఇవి ముఖ్యం కాని ఆచారాలే గదా, ఒప్పుకొని సంఘాన్ని కాపాడుకొందాము అన్నాడు. ఫ్లాసియస్ అనే యువ పండితుడు ఒప్పుకోలేదు. బలవంతం వచ్చిన చోట, సువార్తను ఒప్పుకోవలసిన చోట, చిన్న ఆచారం కూడా చిన్నది కాదన్నాడు. చివరకు 1577లో సంఘం తన తీర్మానంలో ఆయన వైపే నిలిచింది. 1830 తరువాత ప్రష్యా రాజు లూథరన్లను, రిఫార్మ్డ్ సంఘాలవారిని ఒకే ఆరాధన పుస్తకం క్రింద కలపాలని పట్టుపట్టినప్పుడు, సైలీషియాలోని హోనిగెర్న్ అనే గ్రామంలో 1834 డిసెంబరులో సైనికులు వచ్చి మందిరపు తలుపు తెరిపించారు. ఆ గ్రామస్థులు పోట్లాడినది రాగాల కోసం కాదు. ప్రభురాత్రి భోజనంలో, ఇది నా శరీరము అని ప్రభువు చెప్పిన దానిని నమ్మేవారూ నమ్మనివారూ ఇద్దరూ సర్దుకొనేలాగా మాటలు మార్చారని. అలాంటివారిలో అనేకులు ఇల్లూ పొలమూ అమ్ముకొని ఆస్ట్రేలియాకు, అమెరికాకు ఓడలెక్కారు.

మన తెలుగు లూథరన్ల సంగతి కొంచెం చెప్పాలి. 1842లో హేయర్ దొరగారు గుంటూరు చేరినప్పుడు ఆయన తెచ్చినది జర్మను, అమెరికా సంఘాల క్రమము. ఈనాడు మనం ఏ.ఇ.ఎల్.సి. అని పిలిచే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది. ఆ మధ్యకాలంలో, ఆ తరువాతా, మన పెద్దలు ఆ క్రమాన్ని తెలుగులో పలికారు, మన రాగతాళాలలో కీర్తనలు పాడారు. లూథరన్ కాని పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను కూడా మన పుస్తకంలో చేర్చుకొని మనవే అన్నంతగా పాడుకొన్నాము. ఆ రోజులలో కర్ణాటక రాగంలో క్రీస్తును పాడడం కొత్త! డ్రమ్ములు విదేశీ వాయిద్యాలని కోప్పడే పెద్దలకు ఒక మాట మనవి చేస్తాను. మనకెంతో ఇష్టమైన హార్మోనియం కూడ పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో పుట్టి మన దేశం వచ్చినదే. కాబట్టి వాయిద్యం ఎక్కడిది అన్న వాదన మనకు కలిసిరాదు.

ఆ కీర్తనలలో ఏమి వడ్డించారన్నది చూడవలసిన సంగతి. పాత కీర్తనలలో సిలువ ఉంటుంది, రక్తం ఉంటుంది, పాపి పేరు ఉంటుంది, మరణపు గడియ ఉంటుంది. కొత్త పాటలలో కూడ అలాంటివి ఉన్నాయి, నేను నా సంఘంలో పాడిస్తాను. గాని కొన్ని పాటలను విని కాగితంమీద వ్రాసి చూడండి. నేను, నాకు, నన్ను, నా శత్రువులు, నా విజయం. యేసు పేరు ఎక్కడుందో వెతకవలసి వస్తుంది. 1518లో హైడెల్‌బర్గ్‌లో లూథరుగారు రెండు రకాల బోధకులను వేరుచేసి చూపించాడు. ఒకడు మహిమలోనే దేవుని వెదకేవాడు. రెండవవాడు సిలువలో దాగిన దేవుని చూచేవాడు. మొదటివాని సంఘంలో వ్యాధిగ్రస్తునికి, అప్పులపాలైనవానికి, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి చోటు ఉండదు. మీకు దీవెన రాలేదంటే మీ విశ్వాసంలోనే లోపం ఉన్నదని వారికి చెబుతారు. అలా చెప్పించుకొని వచ్చినవారిని నేను ఓదార్చవలసి వచ్చింది, ఒకసారి కాదు. ఈ విషయంలో నాకు నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు, క్షమించండి.

ఆధునిక సాధనాలంటే లూథరన్లకు భయమని కొందరంటారు. అమెరికాలోని మిస్సోరి సినడ్ అనే లూథరన్ సంఘము సనాతన బోధకు పేరుపొందినది. ఆ సంఘపు సెమినరీలో పాత నిబంధన బోధించే వాల్టర్ మేయర్‌గారు 1930 అక్టోబరులో రేడియోలో లూథరన్ అవర్ అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. అప్పటికి రేడియో ఎంత కొత్తదో మీ తాతలనడిగితే చెప్పి ఉండేవారు. అత్యంత కొత్త సాధనంతో అత్యంత పాత సువార్తను చెప్పాడు. ఈ రోజు నేను కూడ అదే పని చేస్తున్నాను. కాని రేడియో నా మాటను మీ ఇంటికి తేగలదు, రొట్టెను తేలేదు. 2020లో కరోనా వచ్చి మందిరాలు మూతబడినప్పుడు, మీరు ఇంట్లో రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసుకోండి, తెరమీద నేను ప్రార్థన చేస్తాను, సంస్కారం అయిపోతుంది అన్నవారు ఉన్నారు. మా సంప్రదాయంలోని అనేకులు దానికి ఒప్పుకోలేదు. కఠినులని నిందపడ్డారు. ఆకలి నిజమైనదే, అది కాదనలేదు. అయితే ప్రభువు భోజనాన్ని కూడివచ్చిన సంఘంలో, ఒకరి చేతినుండి ఒకరికి అందేలా ఇచ్చాడు. ఆ దినాలలో ప్రసంగం ఫోనులో వినిపిస్తూ, అనుమతి దొరికినప్పుడు ఇద్దరు ముగ్గురి చొప్పున సంస్కారం ఇచ్చిన కాపరులు నాకు తెలుసు. నడుము నొప్పులు పుట్టాయి గాని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇప్పుడు నాకు ఉత్తరం వ్రాసిన ఆ యౌవనస్థునికి నేరుగా చెబుతున్నాను. తమ్ముడూ, అర్థం కాని మాటలతో ఎన్నాళ్లు అని అడిగావు. నీ ప్రశ్న న్యాయమైనది. 1522లో బలహీనుడు పాతదానికి అలవాటుపడిన ముసలివాడు. ఈనాడు మన సంఘాలలో ఆ బలహీనుడవు నీవే కావచ్చు. నీకు ఎవరూ నేర్పలేదు. లూథరుగారు సాక్సనీ గ్రామాలు తిరిగి చూచి, జనులకు ఏమీ తెలియదని గుండె పగిలి, 1529లో చిన్న ప్రశ్నోత్తరి, అంటే క్యాటకిజం వ్రాశాడు. ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పాలని వ్రాశాడు. మన పెద్దలు క్రమాన్ని కాపాడారు, దాని అర్థం చెప్పడం మానివేశారు. గడగడ చదివేసి కూర్చొన్నారు. అర్థం తెలియని క్రమాన్ని మీరు ప్రేమించలేదని మీమీద కోప్పడే హక్కు వారికి లేదు. కాని నీవు చేయవలసినది ఒకటి ఉన్నది. వచ్చే ఆదివారం మీ అయ్యగారి దగ్గరకు వెళ్లి, ఒప్పుకోలులో ఈ మాట ఎందుకున్నది, ప్రసంగానికి ముందు విశ్వాస ప్రమాణం ఎందుకు చెబుతాము అని ఒక్కొక్కటిగా అడుగు. ఆయనకు విసుగు వస్తే మళ్లీ అడుగు.

పెద్దలారా, మీకు కూడ. తెర పెట్టినందుకు మందిరం మానివేయకండి. చూపు ఆనని తల్లులకోసం పెద్ద అక్షరాలతో పాటల కాగితం వేయించమని యౌవనస్థులను అడగండి, వారు సంతోషంగా చేస్తారు. డ్రమ్ము మ్రోత ఎక్కువైతే తగ్గించమని ప్రేమతో చెప్పండి. గాని ఒక ఆదివారం సమయం చాలదని ఒప్పుకోలును, క్షమాపణ వాక్యాన్ని వదిలివేస్తామంటే, అక్కడ మాత్రం లేచి నిలువబడండి. గొడవ చేయమని కాదు. ఒక పాట తగ్గించండి బాబూ, అది మాత్రం చదివించండి అని అడగండి. మీ ప్రక్క బెంచీలో ఎవరు దానికోసం వచ్చారో మీకు తెలియదు.

ప్రార్థన చేసుకొందాము. ప్రభువైన యేసూ, మా మధ్య వడ్డించేవానిగా ఉన్నందుకు నీకు స్తోత్రములు. ఏడాదిగా, రెండేళ్లుగా నీ బల్లయొద్దకు రాలేక రేడియో దగ్గరే ఆగిపోయినవారిని ఈ వారం నీ మందిరానికి నడిపించుము. వారు వచ్చినప్పుడు నీ క్షమాపణ వాక్యము అక్కడ సిద్ధముగా ఉండునట్లు మా కాపరులకు జ్ఞాపకము చేయుము. నీ నామమున వేడుకొంటున్నాము, తండ్రీ. ఆమేన్.